గైరుహాజరు

పది రూపాయల స్టాంపు అంటించి అడిగితే
నాలుగు నెలలకి భువనేశ్వర్ నుంచి కవరొచ్చింది.
ఏడు జిరాక్సు కాగితాలు.
మూడోది వంకరగా పడింది, అయిదోదాని అంచున
ఎవరిదో బొటనవేలి నీడ.

కుట్టుమిషను మీద పరిచి చదివాను,
ఎవరివో జాకెట్టు చేతులు పక్కకి తోసి.
గొడుగులు పట్టుకున్న ఒడియా అక్షరాలు.
నేనూ బడిలో దిద్దినవే, వాటితో నాకు పేచీ లేదు.
పేచీ ఎప్పుడూ
ఆ గొడుగు కిందకి ఇంకొకరు దూరేటప్పుడే.

మా ఎమ్మెల్యే అగాధు సాబతో
బడుల సంగతి మీద అయిదేళ్ళలో
ఎప్పుడు ఏ వైపు చెయ్యెత్తాడు?
నేనడిగింది అంతే.

కమిటీ ఖాతాలో డబ్బు కమిటీయే ఖర్చు పెట్టుకోవచ్చా?
మూజువాణి.
ఇరవైమంది లేని బడిని పెద్ద బడిలో కలిపేయాలా?
మూజువాణి.
కలిపే ముందు ఊరివాళ్ళని ఒకమాట అడగాలా?
అదీ మూజువాణే.

అందరూ ఒక్కసారే అరుస్తారు,
స్పీకరు చెవి లెక్కపెడుతుంది.
ఎవరి గొంతు ఎటు పోయిందో ఏ కాగితమూ చెప్పదు.
మా రెండో తరగతీ ఎక్కాలు అలాగే అప్పజెబుతుంది.
కానీ ఏడో ఎక్కం దగ్గర
ఎవడు ఉత్తినే పెదాలు కదుపుతున్నాడో
మేష్టారికి తెలుసు.

నాలుగోదానికి మాత్రం తలలు లెక్కపెట్టారు.
ఏ భాషకి మేష్టారు కావాలో
ఊరి కమిటీయే తేల్చుకుని పెట్టుకునే బిల్లు.
తవిటినాయుడు మేష్టారు రిటైరై మూడేళ్ళు.
అప్పట్నుంచి మా తెలుగు వాచకాలు
బీరువాలో చెదలకి పాఠం చెబుతున్నాయి.
అవునన్నవారు నలభై ఎనిమిది.
కాదన్నవారు యాభై తొమ్మిది.
కింద, రానివాళ్ళ పేర్లు. పదహారోది:
శ్రీ అగాధు సాబతో, గైరుహాజరు.

తేదీ మీద నా వేలు ఆగిపోయింది.
ఫిబ్రవరి పందొమ్మిది.

ఆ రోజు ఆయన ఇక్కడే ఉన్నాడు.
కాశీనగర్లో, మా బడిలో,
ప్రహరీగోడ ప్రారంభానికి.
పదకొండింటికి దయచేయమని రెండు లిపుల్లో
ఆహ్వానం రాసింది నేను.
కత్తిరించిన రిబ్బను నా కొట్లో మిగిలిన అస్తరుగుడ్డ.
కత్తెరా నాదే, తిరిగిచ్చాడు కూడా.
పిల్లలు తెలుగులో స్వాగతం చదివితే
"మీ భాష తేనె" అన్నాడు, వచ్చీరాని తెలుగులో.
చప్పట్లు కొట్టాం.
వంశధార అవతలి ఒడ్డుకి వినబడేలా కొట్టాం.
అక్కడ, అదే గంటలో, తలలు లెక్కపెడుతున్నారు.

తెలిసే వచ్చాడంటారు తవిటినాయుడు మేష్టారు.
"తేదీ మనవే గదేటి అడిగినాం,"
అంటుంది బడిలో వంట చేసే పోలమ్మ,
బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండా.

పదకొండు ఓట్ల తేడా.
ఆయన వెళ్ళినా బిల్లు గెలిచేది కాదు.
ఆ తీసివేత నాలుగుసార్లు చేశాను.
నాలుగుసార్లూ సరిగ్గానే వచ్చింది,
ఒక్కసారీ నిద్ర రాలేదు.

గోడ మాత్రం బాగుంది. మేకలు రావడం మానేశాయి.

నిన్న ఆయన మనిషి మోటారుసైకిలు మీద వచ్చాడు.
కొత్త తరగతిగదికి శంకుస్థాపన,
మంచి రోజు చూసి చెప్పమన్నాడు.
సభ జరిగే రోజుల పట్టిక ముందు పట్రా,
అందులో లేని రోజు చెబుతానన్నాను.
పంచాంగం అడిగాననుకున్నాడు కాబోలు,
సరే అక్కా అని పోయాడు.

జాకెట్టు చేతులు మళ్ళీ సూది కిందకి లాక్కున్నాను.
ఎడమది కుడివైపు కుట్టేశాను.
విప్పాలి.